చెప్పుల కాపలా

నల్లవంకపల్లి హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఎస్తేరుకు రెండు విషయాల్లో పేరుంది. ఒకటి సాంబారు. ఎనభై మందికి కాచినదాన్ని తొంభై మంది వచ్చినా నీళ్ళు కలపకుండా సర్దేస్తుంది. రెండోది పగ. కోపమొస్తే ఊళ్ళో మిగతావాళ్ళు నాలుగు తిట్టి దులిపేసుకుంటారు. ఎస్తేరు తిట్టదు. కోపాన్ని ఊరగాయ పెట్టినట్టు పెడుతుంది. ఉప్పూ కారమూ పట్టి, ఎండ తగిలి, బాగా ఊరాక తీరిగ్గా జాడీ మూత తీస్తుంది.

ఒకసారి గార్లదిన్నె నుంచి వచ్చే ఆటోవాడొకడు వానలో ఆమె చెయ్యెత్తినా ఆపకుండా పోయాడు. ఎనిమిది నెలల తర్వాత అతన్ని చూసుకోవడానికి పిల్ల తరఫువాళ్ళు వచ్చి, వంటగది దగ్గర ఆగి దారి అడిగారు. ఎస్తేరు వాళ్ళకు చల్లటి నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, విసనకర్ర ఇచ్చి, పక్క ఊరికి దారి చూపించింది. వాళ్ళు ఆ ఊళ్ళో ఇంకో అబ్బాయిని చూసి, నచ్చి, తాంబూలాలు కూడా పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఎస్తేరు మొగుడు ఇమ్మానుయేల్ కూడా ఆటో తోలేవాడే. స్టాండులో తలెత్తుకోలేక ఇంటికొచ్చి గొణిగాడు.

"నేనేం జేస్తి? దారి అడిగిరి, చెప్తి" అంది ఎస్తేరు. అప్పట్నుంచి ఆ దారిలో ఆమె చెయ్యెత్తకముందే ఆటోలు ఆగుతాయి.

ఇవన్నీ చిల్లర పగలు. ఎస్తేరు జీవితంలో పెద్ద జాడీ ఒకటే. అది డ్రిల్లు మాస్టారు హర్ష సారు కోసం పెట్టింది.

ఎస్తేరు కూతురు రూతు అదే బళ్ళో తొమ్మిదో తరగతి. పుట్టుకతోనే రెండు కాళ్ళలోనూ సత్తువ లేదు. చంక కర్రలతో నడుస్తుంది, ఇంట్లో అయితే అరచేతులు నేలకు తాటించి చరచరా జరిగిపోతుంది. ఏటా నవంబరు పద్నాలుగున బళ్ళో ఆటల పోటీలు పెడతారు. సన్నరాళ్ళుండే గరుగు నేల మీద చెప్పులతో పరిగెత్తితే జారిపడతారని పిల్లలంతా వాటిని వేపచెట్టు కింద విడిచి వెళ్తారు. ఊరికుక్కలకు ఆ రోజు పండగ. ఒక ఏడాది హెడ్మాస్టరు గారి తోలు చెప్పు ఊరి పక్క వాగు, వంక అవతల దొరికింది, అదీ సగం. ఆ మరుసటి ఏడు రూతు ఆరో తరగతిలో చేరింది. హర్ష సారు ఆ పిల్లను చూసి, జాలిపడి, చెట్టు కింద కుర్చీ వేసి, చేతికి ఒక బెత్తం ఇచ్చి చెప్పుల కాపలాకు కూర్చోబెట్టాడు. సాయంత్రం గెలిచినవాళ్ళకు కప్పులిచ్చాక, రూతుకు కూడా ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె ఇప్పించాడు.

ఆరో తరగతిలో రూతు ఆ పెట్టెను చూసి సంబరపడింది. ఏడో తరగతిలో దాని పక్కన ఇంకొకటి పెట్టింది. ఎనిమిదో తరగతిలో ఆడపిల్లల రిలే పందెం చివరి చుట్టుకు వచ్చేసరికి, చుట్టూ ఉన్న జనమంతా లేచి నిలబడ్డారు. కుర్చీలో ఉన్న రూతుకు వీపులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. కర్రలు చంకన పెట్టుకుని లేచింది. విజిల్ నోట్లో పెట్టుకుని అటుగా పోతున్న హర్ష సారు ఆగాడు.

"కూచో పాపా, నువ్వు లేస్తే చెప్పులెవురు చూస్తారు?"

మైకు దగ్గర బడి కమిటీ పెద్ద ఓబులేసప్ప ఉన్నాడు. మనిషి మంచివాడే గాని, చేతికి మైకు ఇస్తే నోటికి బ్రేకు ఉండదు. ఆ మాట విని, తనూ ఒక పుణ్యం చేద్దామనుకున్నాడు. "ఆ పక్క చూడండప్పా! కాళ్ళు లేకపోయినా, పాపం, ఎస్తేరు కూతురు చూడండి, ఎంత బుద్ధిగా చెప్పులు కాస్తాండాదో! అందురూ ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి!"

ఊరంతా వెనక్కి తిరిగి రూతును చూసి చప్పట్లు కొట్టింది. రిలేలో ఎవరు గెలిచారో కూడా ఎవరూ చూడలేదు. మజ్జిగ డ్రమ్ము దగ్గర గరిటెతో నిలబడ్డ ఎస్తేరు మాత్రం కూతురి మొహం చూసింది.

ఆ రాత్రి రూతు మూడో సబ్బుపెట్టెను గూట్లో పెట్టి, "మా, వచ్చే యాడాది ఆ దినం నాకు జొరం అని చెప్పు" అంది. అంతే అంది.

"మా మామ, మీ నాయన, రెడ్ల వాకిట్లో చెప్పులు ఇడిచే కాడ కూచోనే బతుకంతా గడిపె" అంది ఎస్తేరు మొగుడితో. "ఆ కూచునేది ఆయనతోనే అయిపోయిందనుకుంటి. వచ్చే యాడాది అదే చెట్టు కింద, అదే చెప్పుల కాడ, ఆ హర్ష సార్‌ను కూచోబెట్టకపోతే నా పేరు ఎస్తేరు కాదు."

"ఆయప్ప మంచికే చేసింటాడు మే" అన్నాడు ఇమ్మానుయేల్. "పాస్టరయ్య ఏం చెప్పె మొన్న? క్షమించమనె గదా."

"క్షమిస్తా. ముందు కూచోనీ."

వండిన అన్నం పిల్లలకు పెట్టేముందు ఒక మాస్టారు రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆ పని హర్ష సారుది. ఆ మర్నాటి నుంచి ఆయన గిన్నెలో మాత్రం ఒక పచ్చిమిరపకాయ చిదిమి పడేది. ఆయన ముక్కు తుడుచుకుంటూ 'కారం ఎక్కువ' అని రాసేవాడు. నెలల తరబడి రాశాడు. తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరు చూసి, గిన్నెడు సాంబారు తాగి చూసి, "హర్షా, ఈ సాంబారు నీకు కారమంటే కడుపులో పుండుండాదేమో, చూపిచ్చుకోప్పా" అన్నాడు. హర్ష సారు భయపడి అనంతపురం పోయి, గొంతులోకి గొట్టం కూడా వేయించుకుని వచ్చాడు. పుండేమీ లేదన్నారు. ఎస్తేరు ఆ వారం మిరపకాయకు సెలవిచ్చింది. పగకైనా ఒక పద్ధతి ఉండాలి కదా.

కానీ మిరపకాయతో మనిషి చెప్పుల దగ్గర కూర్చోడు. దానికి దారి జూలైలో దొరికింది.

వారానికోసారి మండలం నుంచి రేఖ మేడం వస్తుంది. వినపడని, కనపడని, నడవలేని పిల్లలకు పాఠం చెప్పే టీచరు. ఆమె ఒకరోజు స్కూటీ మీద ఒక వలా, ఒక బంతీ వేసుకొచ్చింది. వలను వంటగది వెనక రెండు గుంజలకు కట్టింది. నేల నుంచి చూస్తే అది నడుమెత్తు కూడా లేదు.

"కూచోని ఆడే వాలీబాల్ సార్ ఇది" అని చెప్పింది హర్ష సారుకు. "కాళ్ళుండేవాళ్ళు, లేనివాళ్ళు, అందరూ కలిసి ఆడొచ్చు. షరతు ఒకటే. బంతిని కొట్టేటప్పుడు కూచున్న భాగం నేలకు ఆని ఉండాల. లేస్తే తప్పు."

హర్ష సారు నవ్వాడు. ఒకప్పుడు జిల్లా జట్టులో వాలీబాల్ ఆడిన మనిషి. "కూచోని ఆడేది వాలీబాల్ ఎట్లయితాది మేడం? పులిజూదమైతాది."

పొయ్యి దగ్గర ఎస్తేరు చేతిలో గరిటె ఆగింది. మర్నాడు రుచి గిన్నె అందిస్తూ, అతి వినయంగా అంది. "సార్, పిల్లోల్లు ఏందేందో అంటాండారు. నాకు చెప్పుకోనికే సిగ్గయితాది."

"ఏమంటాండారు?"

"మన సార్ కూచుంటే పొట్ట అడ్డమొచ్చి లేవలేడంట. అందుకే ఆ ఆటంటే భయపడతాండాడంట. నేను తిట్టినాలెండి."

పెళ్ళయిన రెండేళ్ళలో హర్ష సారుకు నిజంగానే కొంచెం పొట్ట వచ్చింది. మాట సరిగ్గా అక్కడే తగిలింది. గిన్నె కింద పెట్టి నేరుగా హెడ్మాస్టరు గదికి పోయాడు. నవంబరు పద్నాలుగున మాస్టర్ల జట్టు, రేఖ మేడం పిల్లల జట్టుతో కూర్చునే ఆడుతుందని చెప్పి బయటకొచ్చాడు.

"ఓడినోళ్ళు ఏం చెయ్యాల సార్?" అని అడిగింది ఎస్తేరు, గుమ్మం దగ్గర చీపురుతో.

"నువ్వే చెప్పక్కా."

"పెద్దగా ఏం వద్దు సార్. ఓడిన జట్టు నాయకుడు ఆ దినమంతా చెప్పులకు కాపలా కూచుంటే సాలు. ఎట్లా ఎవురో ఒకరు కూచోవాల గదా."

హర్ష సారు పకపకా నవ్వి సరేనన్నాడు. మాస్టర్ల జట్టు నాయకుడు ఎటూ ఆయనే. పిల్లల జట్టు నాయకురాలు రూతు అని రేఖ మేడం రాసుకుంది. కాబట్టి పందెం ఖాయమైంది. ఆ దినం వేపచెట్టు కింద కూర్చునేది హర్ష సారైనా కావాలి, నాలుగోసారి రూతైనా కావాలి.

జట్టులో ఆరుగురు. రూతు ఒకతె. శశి అని ఒక అబ్బాయి, చెవులు వినపడవు, కళ్ళు మాత్రం గద్ద కళ్ళు. మిగతా నలుగురూ కాళ్ళూ చేతులూ శుభ్రంగా ఉన్న పిల్లలే. వాళ్ళలో తిమ్మమ్మ పెద్ద నోరున్న పిల్ల, నాయనమ్మ పేరుతో పాటు ఆమె గొంతు కూడా వచ్చింది. మొదటి వారంలో కాళ్ళున్న నలుగురికీ కాళ్ళే అడ్డం. బంతి వస్తే లేవబోతారు, లేస్తే మేడం విజిల్ వేస్తుంది, కూర్చుంటే బంతి నెత్తిన పడుతుంది. రూతు మాత్రం అరచేతులు నేలకు తాటించి, బంతి ఎక్కడ పడబోతోందో అక్కడికి ముందే చేరిపోయేది.

అది చూసిన ఎస్తేరుకు ఒక సంగతి తట్టింది. వేరుశనగ చేలో కాయలు తెంపే ఆడవాళ్ళు పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవరు. కూర్చున్నచోటు నుంచే ఈ కుప్ప నుంచి ఆ కుప్పకు జరుగుతారు. ఆ విద్యలో ఎస్తేరును మించినవాళ్ళు ఊళ్ళో లేరు.

"చూడండే" అని చీర కుచ్చిళ్ళు దోపి నేల మీద కూర్చుంది. "ఒక చెయ్యి ఆనాల, నడుము తిప్పాల, మడమతో తొయ్యాల. కప్ప మాదిరి ఎగరొద్దండి. పాము మాదిరి పోవాల." తర్వాత పాత బొంతను కత్తిరించి ఆరుగురి నిక్కర్లకూ వెనక అతుకులు కుట్టింది. మాస్టర్లకు కుట్టలేదు. వాళ్ళు అడగనూ లేదు.

ఒకరోజు బంతి రూతు చేతుల మధ్య నుంచి జారిపోయింది. తిమ్మమ్మ గొంతు చించుకుంది. "ఒసే రూతూ! కండ్లు యాడ పెట్టుకోనుండావే? ఎద్దు మాదిరి కూచోనుండావు!"

ఎస్తేరు చేతిలో గరిటెతోనే లేచింది. తిమ్మమ్మ మీద కొత్త జాడీ పెట్టేసినట్టే. అంతలో రూతు అరిచింది. "నీ యమ్మా తిమ్మీ, నువ్వు అడ్డమొస్తే నాకెట్ల కనపడుతుందే? జరుగు ఆ పక్కకు!" రూతు మొహం ఎర్రగా ఉంది, చెమటలు కారుతున్నాయి, పెదాల మీద మాత్రం ఒక నవ్వుంది. ఎస్తేరు మెల్లగా కూర్చుంది. పద్నాలుగేళ్ళలో తన కూతుర్ని పాపం అన్నవాళ్ళే గాని, ఇట్లా సమానంగా తిట్టినవాళ్ళు లేరు. ఆ పూట తిమ్మమ్మ పళ్ళెంలో గుడ్లలోకెల్లా పెద్ద గుడ్డు పడింది.

దసరా సెలవులకు రూతు భుజాలు గట్టిపడ్డాయి. రాత్రి పడుకుంటే ఒళ్ళెరగని నిద్ర. శశితో చేతులతోనే గంటలు గంటలు మాట్లాడేది, పోట్లాడేది. జొరం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇదంతా చూసి వేరే తల్లయితే సంతోషపడి ఊరుకునేది. ఎస్తేరు సంతోషపడింది, ఊరుకోలేదు. ఓడిపోతే ఎట్లా అన్న భయం పట్టుకుంది. హర్ష సారు కూడా సాయంత్రాలు ఇంటి మిద్దె మీద కూర్చుని సాధన చేస్తున్నాడని ఇమ్మానుయేల్ వార్త తెచ్చాడు. "చెప్పుల కాడ రూతు మళ్ళీ కూచుంటే?" ఆ ఆలోచన ఆమెను నమిలింది. ఆటస్థలం ఊడ్చే పని తనదే. పద్నాలుగో తేదీ తెల్లవారగానే రూతు జట్టు కూర్చునే పక్క అద్దంలా ఊడ్చి, నీళ్ళు చిలకరించింది. మాస్టర్ల పక్కకు వచ్చి అటూ ఇటూ చూసి, కొంగులోంచి పిడికెడు పల్లేరు కాయలు తీసి విత్తనం చల్లినట్టు చల్లింది. మన గడ్డ మీద వాన లేకపోయినా పండే పంట అదొక్కటే. పైన పలచగా మన్ను కప్పింది. గూట్లోని మూడు సబ్బుపెట్టెలనూ సంచిలో వేసి, భుజాన తగిలించుకుని మజ్జిగ డ్రమ్ము దగ్గర నిలబడింది. గెలిచాక హర్ష సారు ఒళ్ళో వాటిని కుమ్మరించాలని ఆమె ఏర్పాటు.

ఆట మొదలైంది. విజిల్ రేఖ మేడంది, మైకు ఓబులేసప్పది. మాస్టర్లు ఆరుగురూ బూట్లు విడిచి, లుంగీ కట్టుకున్న పెళ్ళికొడుకుల్లా ఇబ్బందిగా కూర్చున్నారు. మొదటి బంతికే హర్ష సారు అరచేయి నేలకు ఆనించి, "హబ్బా!" అని తీసేశాడు. లెక్కల సారు పక్కకు జరగబోయి, మొహం ఒక రకంగా పెట్టి, అక్కడే ఆగిపోయాడు. తెలుగు సారు ఆట మానేసి తన కింద తడుముకుంటున్నాడు.

"ఏమప్పా మాస్టర్లూ, కొత్త కోడలి మాదిరి కదలకుండా కూచోనుండారే!" అన్నాడు ఓబులేసప్ప మైకులో. జనం విరగబడి నవ్వారు. ఎస్తేరు నవ్వలేదు. లోపల మాత్రం జాడీ మూత తీసినట్టు ఘుమఘుమగా ఉంది. సెట్టు పిల్లలదే. పదిహేను, ఆరు.

రేఖ మేడం విజిల్ వేసి రెండు చేతులూ అటూ ఇటూ తిప్పింది. "పక్కలు మారండి!"

ఎస్తేరు గుండె గతుక్కుమంది. వంటగది వెనక సాధన చేసినన్నాళ్ళూ ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ. పిల్లలు కమిలిపోతారని రూతు జట్టును ఎప్పుడూ నీడ పక్కనే కూర్చోబెట్టింది తనే. పక్కలు మారడమనేది ఒకటుందని ఆమెకు తెలియనే తెలియదు. తిమ్మమ్మ వాళ్ళకు వెనక బొంత అతుకులున్నాయి. రూతు మాత్రం జరగాలంటే చేతులే. ఆ పిల్లకు అరచేతులే అరికాళ్ళు.

"ఆగండప్పా! ఆగండి!" చీపురు ఎత్తుకుని ఊరంతా చూస్తుండగా ఆటస్థలం మధ్యలోకి పరిగెత్తింది ఎస్తేరు. ఊడిస్తే పోయేవా అవి? మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో ఏరసాగింది.

"ఏమ్మే ఎస్తేరూ, ఆట నడమ కసువు ఊడుస్తాండావే?" అని మైకు అడిగింది.

"దుమ్మప్పా... దుమ్ము..."

హర్ష సారు తన వెనక నుంచి ఒకటి పీకి, వెలుతురుకు పట్టి చూశాడు. "దుమ్ముకు ముండ్లుంటాయా అక్కా?"

  ఎస్తేరు తలెత్తితే ఎదురుగా రూతు. అరచేతిలో అప్పుడే గుచ్చుకున్న ఒక పల్లేరు కాయ. దాన్నీ తల్లినీ మార్చి మార్చి చూసి, ముల్లు పీకి పారేసి, రేఖ మేడం వైపు తిరిగింది.

"మేడం, ఈ సెట్టు కొట్టేయండి. మళ్ళా మొదట్నుంచి ఆడతాము."

"ఏమే, పిచ్చా? గెల్చినాము కదనే!" అంది తిమ్మమ్మ.

"ఉండనీలే పాపా" అన్నాడు హర్ష సారు, దయగా. "గెల్చినారు కదా, పెట్టుకోండి."

"వద్దు సార్" అంది రూతు. "సబ్బుపెట్టెలు మా ఇంట్లో మూడుండాయి."

హర్ష సారుకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తనూ కూర్చుని ముళ్ళు ఏరసాగాడు. ఆరుగురు మాస్టర్లూ, ఆరుగురు పిల్లలూ, ఎస్తేరూ కలిసి ఏరారు. రేఖ మేడం సెట్టు కొట్టేసింది. తర్వాత ఎస్తేరును పిలిచి, "నువ్వు ఆట అయిపోయేదాకా ఈ చుట్టుపక్కల ఉండొద్దమ్మా. పో, ఆ చెప్పుల కాడ కూచో" అంది.

అట్లా ఆ ఏడాది వేపచెట్టు కింద అందరికంటే ముందు కూర్చున్నది ఎస్తేరు.

కుర్చీలో కూర్చుంటే తెలిసింది. ఎదురుగా అన్నీ వీపులే. నీడ చల్లగా ఉంది. బంతి చప్పుడు వినిపిస్తుంది, జనం 'అరెరే' అనడం వినిపిస్తుంది, ఎందుకన్నారో తెలియదు. ఈ నీడలో తన బిడ్డ మూడేళ్ళు కూర్చుంది. మరి వంటగది వెనక, ఎండ తగలకూడదని నీడ పక్కన కూర్చోబెట్టింది ఎవరు? ఆ ప్రశ్న వచ్చింది గాని, ఎస్తేరు దాన్ని ఎక్కువసేపు ఉండనివ్వలేదు. అప్పటికి ఆమెకు ఓబులేసప్ప గొంతే దిక్కు.

మొదటి సెట్టు మాస్టర్లదని చెప్పింది ఆ గొంతు. ముళ్ళు పోయాక మిద్దె మీద సాధన పనిచేసింది. ఎస్తేరు కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండో సెట్టు సగంలో ఒక నల్లకుక్క వచ్చింది. చెప్పుల మధ్య వాసన చూసుకుంటూ తిరిగి, హర్ష సారు కొత్త బూటు దగ్గర ఆగి, ఎస్తేరు వైపు చూసింది. ఎస్తేరు కుక్క వైపు చూసింది. కాపలా మనిషి కదా, రాయి తీసి వేసింది. రాయి కుక్కకు తగల్లేదు. తగలకూడదనే వేసింది. కుక్క బూటు నోట కరచుకుని వంక వైపు పోయింది. ఆ మాత్రం దానితో ఆమెకు కొంచెం ఊపిరి ఆడింది.

"రెండో సెట్టు పిల్లోల్లది!" అంది మైకు. "మూడోదే తేల్చేది! చూడండప్పా!"

పది, పది. పన్నెండు, పన్నెండు. జనం ముందుకు తోసుకుంటున్నారు. ఎస్తేరు లేవబోయి, మేడం మాట గుర్తొచ్చి కూర్చుంది. పద్నాలుగు పిల్లలకు, పదమూడు మాస్టర్లకు. తిమ్మమ్మ గొంతు వినిపించింది. "మూలకు ఏయవే! మూలకు!" తర్వాత బంతి చప్పుడు. తర్వాత ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత పొడుగ్గా విజిల్.

"లేచినాడు!" ఓబులేసప్ప గొంతు చీలిపోయింది. "రూతు వెనక మూలకు ఏసె! హర్ష సార్ అందుకుందామని పైకి లేచినాడప్పా! ఆరంగుళాలు లేచినాడు, నేను చూసినా! లేస్తే తప్పు! పిల్లోల్లు గెల్చిరి!"

వీపులన్నీ ఎగిరాయి. ఎస్తేరు మాత్రం కదలకుండా కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయింది. ఏడాది నుంచి ఎదురుచూసిన గడియ వచ్చింది, దాన్ని ఆమె కళ్ళు చూడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి సంతోషానివో ఉక్రోషానివో ఆమెకే తెలియదు. అడిగితే పొగ అనేది, పొయ్యి ఆ చుట్టుపక్కల లేకపోయినా.

కాసేపటికి వీపులను తోసుకుంటూ హర్ష సారు వచ్చాడు. ట్రాకు ప్యాంటు వెనక చినిగి, దానికి తువ్వాలు అడ్డం కట్టుకున్నాడు. కుర్చీ పక్కన నేల మీద కూర్చోబోయి, కెవ్వుమని లేచి, ఇంకో ముల్లు పీక్కున్నాడు.

ఎస్తేరు సంచిలో చెయ్యిపెట్టింది. మూడూ కుమ్మరించాలనుకున్నది, ఒకటే తీసి ఆయన చేతిలో పెట్టింది. "ముండ్లు ఇందులో ఏయి సార్. నేల మీద ఏస్తే పిల్లోల్ల కాళ్ళకు గుచ్చుకుంటాయి."

ఆయన సబ్బుపెట్టెను తిప్పి తిప్పి చూశాడు. మూత మీద తన రాతే ఉంది. 'ప్రోత్సాహక బహుమతి'. 

"నేను మంచికే చేసినానక్కా. ఎండలో అగచాట్లు పడకుండా నీడన కూచుంటాదని."

"తెలుసు సార్. అదే గదా నా కడుపుమంట. చెడ్డకు చేసింటే ఆ పొద్దే నాలుగు తిట్టి మరిచిపోయింటి."

ఆయన తల ఊపి, ముల్లు పెట్టెలో వేశాడు. తర్వాత చెప్పుల వరస చూస్తూ, "అక్కా, నా రెండో బూటు యాడ?" అన్నాడు.

"కుక్క ఎత్తకపాయె. రాయి ఏస్తి, తగల్లే."

"ఓ." కొంచెం ఆగి, "సాంబారులో కారం కూడా..." అని మొదలుపెట్టాడు.

"ఏం కారం సార్?" అంది ఎస్తేరు. మొహం పసిబిడ్డలా ఉంది.

అంతలో మైదానంలో గోల లేచింది. ఆట చూడటానికి చేల నుంచి వచ్చిన కూలి ఆడవాళ్ళు, ఇది మా పనే కదా, దీనికి ఇంత గొప్పా అంటూ చీరలు దోపుకుని వల అవతల కూర్చున్నారు. పిల్లలతో ఆడతారట. రూతు గొంతు ఇక్కడిదాకా వినిపిస్తోంది. "అవ్వా, లేయగూడదు! కూచో! అత్తా, నువ్వు ఎనక్కి జరుగు! తిమ్మీ, నిద్ర పోతాండావా?"

మైకు గరగరలాడింది. ఎస్తేరు పళ్ళు బిగించుకుంది. ఇప్పుడు వస్తుంది ఆ మాట. వస్తే ఓబులేసప్పకు కూడా ఒక జాడీ సిద్ధంగా ఉంది, ఉప్పు కూడా కొలిచి పెట్టుకుంది.

"సర్వీసు, రూతు!" అంది మైకు.

అంతే. ఎస్తేరు ఇంకా కాసేపు చెవులు రిక్కించింది. 'పాపం' రాలేదు.

జనం మళ్ళీ లేచి నిలబడ్డారు. వీపులు మూసుకున్నాయి. బంతి చప్పుడైంది, 'అబ్బా!' అని ఊరంతా అరిచింది. ఉండబట్టలేక హర్ష సారు ఒక కాలికి బూటుతో, ఒక కాలు వట్టిదిగా, మునివేళ్ళ మీద లేచాడు.

"కూచో సార్" అంది ఎస్తేరు. "మనం ఇద్దరం లేస్తే చెప్పులెవురు చూస్తారు?"

ఆయన కూర్చున్నాడు. అప్పటికే ఎస్తేరు కుర్చీ ఎక్కి నిలబడి ఉంది.